పోతును కాదు, పోతు తల్లిని చూడండి

పాల మేకలు పెంచాలన్న కోరికతో మా దొడ్డికి వచ్చేవారు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఏ జాతి కొనాలి, ఎక్కడ దొరుకుతుంది, జత ఎంతకు వస్తుంది? వారిని మేకల దగ్గరకు తీసుకుపోయే ముందు నేను కొట్టంలోకి పిలిచి, దూలానికి వేలాడదీసిన కాటాను, దాని పక్కన మేకుకు తగిలించిన పొడుగాటి లెక్కల పుస్తకాన్ని చూపిస్తాను. పుస్తకం అట్ట మీద పాల మరకలు ఎండి గట్టిపడ్డాయి. లోపల ప్రతి మేకకూ ఒక పేజీ ఉంది. దాని తల్లి సంఖ్య, తండ్రి సంఖ్య, ఎన్నో ఈత (కాన్పు), ఎన్ని పిల్లలు, నెలకొకసారి తూచినప్పుడు ఎన్ని గ్రాముల పాలు ఇచ్చింది అన్నది ఆ పేజీలో వరుసగా ఉంటుంది. వచ్చినవారిలో చాలామంది దానిని మర్యాదకు రెండు పేజీలు తిప్పి, మళ్ళీ జాతి గురించే అడుగుతారు. అందుకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

మంచి పాల మందను సంతలో గానీ, లారీలో తెప్పించి గానీ ఎవరూ కొనుక్కోలేరన్నది పన్నెండేళ్ళ అనుభవం మీద నేను గట్టిగా చెప్పగలిగిన మాట. దానిని తూచి, రాసి, ఏరి, వద్దనుకున్నదాన్ని పంపించివేసి, తరం తరువాత తరంగా తయారు చేసుకోవలసిందే. ఆ పనిలో అన్నిటికంటే బరువైన నిర్ణయం విత్తన పోతుది, అంటే సంతానం కోసం ఉంచుకునే మగ మేకది. పోతును ఎంచుకోవడమంటే నిజానికి దాని తల్లిని ఎంచుకోవడం. ఈ మాట పాడి తెలిసినవారికి కొత్తది కాదు. అయినా మన దగ్గర మేకల గురించి జరిగే మాటల్లో, చెప్పే సలహాల్లో, ఇచ్చే రాయితీల్లో అది ఎక్కడా కనిపించదు.

నేను కూడా మొదట జాతినే కొన్నాను. మాది పాలమూరు ప్రాంతం, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. మా నాయన పది, పన్నెండు నాటు మేకలను ఉంచేవాడు. 2012లో ఆయన చేతి నుంచి మందను తీసుకున్నప్పుడు, నాటు మేకలతో పాల పని సాగదని తీర్మానించుకుని, ఒక దళారి ద్వారా ఉత్తరప్రదేశ్ నుంచి ఎనిమిది ఆడ మేకలను, ఒక పోతును తెప్పించాను. వాటిని జమునాపారి అన్నారు. చిలుక ముక్కులా వంగిన ముక్కు, జానెడుకు మించి వేలాడే చెవులు, ఎత్తైన కాళ్ళు, తెల్లని మేని మీద అక్కడక్కడ గోధుమ మచ్చలు ఉన్నాయి. లారీ దిగిన రోజున ఊరంతా చూడటానికి వచ్చింది. నెల తిరగకుండా రెండు మేకలు ఊపిరితిత్తుల వాపుతో చనిపోయాయి, ఒకటి ఎన్నిసార్లు కట్టించినా చూలు నిలవలేదు. మిగిలిన ఐదూ మొదటి ఈతలో ఇచ్చిన పాలు మా నాటు మేకల కంటే ఎక్కువే అయినా, పెట్టిన ధరకూ పెట్టిన మేతకూ సరిపోలేదు. అసలు నష్టం మూడేళ్ళ తరువాత బయటపడింది. ఆ పోతుకు పుట్టిన ఆడ పిల్లలు పెరిగి, ఈని, పాలు ఇచ్చే వేళకు, వాటిలో సగానికి పైగా తమ నాటు తల్లుల కంటే తక్కువ పాలు ఇచ్చాయి. ఆ పోతు తల్లి ఎవరో, ఎన్ని పాలు ఇచ్చేదో అమ్మినవాడికి తెలియదు, తెచ్చినవాడికి తెలియదు, కొన్నవాడిగా నేను అడగలేదు.

ఇందులో జమునాపారి జాతి తప్పేమీ లేదు. ఇటావా జిల్లాలో, యమునా చంబల్ నదుల మధ్య కోసుకుపోయిన గండి నేలల్లో, చక్రనగర్ చుట్టుపక్కల పుట్టిన ఆ మేక నిజంగా గొప్పది. నేల మీది గడ్డి కంటే పొదల చిగుళ్ళను వెనకకాళ్ళ మీద నిలబడి మేసే అలవాటు దానిది, ఆ పొడుగు కాళ్ళు దానికి అలంకారం కోసం వచ్చినవి కావు. ఇంగ్లండులో ఆంగ్లో నూబియన్ జాతి తయారైనప్పుడు అందులో జమునాపారి రక్తం కలిసింది. ఇండోనేషియాలో పాలకూ మాంసానికీ పెంచే ఒక మేకకు ఈనాటికీ ఇటావా పేరే ఉంది. అంత దూరం పోయి అక్కడి మందలను మార్చిన జాతి మా దొడ్డిలో ఎందుకు ఓడిపోయిందంటే, మా దొడ్డికి వచ్చింది జాతి పేరూ జాతి రూపమూ మాత్రమే. జాతి అన్నది కొన్ని వేల మేకల సగటు. నా కొట్టంలోకి వచ్చే పోతు ఆ సగటుకు ఎంత పైనుందో, ఎంత కిందనుందో దాని చెవులు చెప్పవు.

ఆ చేదు మధ్యలోనే నాకు కర్రి కనబడింది. కర్రి మా నాయన నాటు మేకల్లో ఒకటి. ఒళ్ళంతా నలుపు, ఎడమ చెవి కొన కొంచెం చినిగి ఉంటుంది, చూడటానికి మందలో చివరి మేక. దాని పిల్లలు మాత్రం ప్రతి ఈతలోనూ మిగిలిన వాటికంటే ముందు నిండుగా పెరిగేవి. నాయన దానికి కారణం పిల్లల బలమే అనుకున్నాడు. 2013 చలికాలంలో కాటా కొత్తగా కొన్న ఉత్సాహంతో మందంతటినీ తూచినప్పుడు, నాటు మేకల సగటు రోజుకు 600 గ్రాముల దగ్గర ఉంటే, కర్రి ఒక్కటే 1,340 గ్రాములు ఇచ్చింది. నమ్మకం కలగక మరునాడు మళ్ళీ తూచాను, 1,310 వచ్చింది. అంటే నేను లారీ కిరాయి ఇచ్చి తెచ్చుకున్న మేకలతో సమానమైన మేక ఆరేళ్ళుగా మా కొట్టంలోనే మూలన కట్టేసి ఉంది. దాని కొడుకులను అన్నిటినీ నాయన పండుగలకు అమ్మేశాడు. ఆ మాట తెలిసిన రాత్రి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ రోజు మా మందలో ఉన్న 38 పాడి మేకల్లో 21 మేకల వంశం వెనక్కు వెళ్తే కర్రి దగ్గరే ఆగుతుంది.

తూచే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేసి, తప్పుడు లెక్క మీద మేకలను ఏరతారు. మన దగ్గర పిల్లలు తల్లుల దగ్గరే తాగుతాయి. పితికిన పాలు మాత్రమే రాస్తే, పిల్లకు పాలు దాచిపెట్టుకునే మేక చెడ్డదిగానూ, పిల్ల చచ్చిపోయిన మేక మంచిదిగానూ కనిపిస్తాయి. మేము పొద్దున తూచే నెలల్లో 13వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు పిల్లలను ఒకసారి బాగా తాగనిచ్చి, మిగిలిన పాలను పిండివేసి, పిల్లలను గంపల కింద మూస్తాము. తెల్లవారి ఆరు గంటలకు పిల్లను ఒక్క నిమిషం చన్ను పట్టనిచ్చి, మేక చేపగానే పక్కకు తీసి, రెండు చన్నులూ చివరి ధార వరకూ పితికి తూస్తాము. పన్నెండు గంటల పాలు తెలిస్తే రోజు పాలు తెలుస్తాయి. పొద్దున పాలు సాయంత్రం పాల కంటే కొంచెం ఎక్కువ ఉంటాయి కాబట్టి, ఒక నెల పొద్దున, మరుసటి నెల సాయంత్రం తూచే ఏర్పాటు చేసుకున్నాము. ఆ ఉదయం గంపల కింద నుంచి వచ్చే అరుపులకు చుట్టుపక్కల ఇళ్ళవారు కూడా 14వ తేదీ అని గుర్తుపడతారు.

ఇలా రెండేళ్ళు రాశాక, నేను అంతకు ముందు మంచివనుకున్న మేకల్లో మూడో వంతు మంచివి కావని తేలింది. ఈనిన తరువాత నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య మేక పాలు అన్నిటికంటే ఎక్కువగా ఉంటాయి. రైతు కంటికి ఆ రోజులే గుర్తుంటాయి. రెండో నెలలో రెండు కిలోలిచ్చి నాలుగో నెలకు వట్టిపోయే మేక ఊళ్ళో పేరు తెచ్చుకుంటుంది. కిలోన్నర దగ్గర మొదలై, తొమ్మిదో నెలలో కూడా కిలో ఇచ్చే మేకను ఎవరూ తలచుకోరు. ఏడాది మొత్తం మీద రెండోది మొదటిదాని కంటే దాదాపు రెట్టింపు పాలు ఇస్తుంది, మేత మాత్రం రెండూ ఏడాది పొడుగునా తింటాయి. పాల మంద కట్టేవాడు మొదట మార్చుకోవలసినది తన జ్ఞాపకాన్ని నమ్మే అలవాటును.

అయితే ఒక్క మేక పేజీని చూసి నిర్ణయం చేయడం కూడా తొందరపాటే అవుతుంది. మేకల పాల దిగుబడిలో కనిపించే తేడాల్లో పావు నుంచి మూడో వంతు వరకే వంశం వల్ల వచ్చేది. మిగిలినదంతా మేత, వయసు, ఈనిన కాలం, జబ్బు, కాపరి చేతి మంచితనం. ఒక ఏడాది కంది పొట్టు బాగా దొరికిన కాలంలో ఈనిన మేక, ఎండాకాలంలో ఈనిన దాని అక్క కంటే గొప్పగా కనిపిస్తుంది. అందువల్ల ఒక మేకను అంచనా వేసేటప్పుడు దాని సొంత తూకాలతో పాటు దాని తల్లివి, అక్కచెల్లెళ్ళవి, వీలైతే కూతుళ్ళవి కూడా పక్కపక్కన పెట్టుకుని, ఒకే కాలంలో ఈనిన వాటితో మాత్రమే పోల్చాలి. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు, ఒక కూతురు నాలుగూ మంద సగటుకు పైన ఉన్న మేక నాకు ఎంతో విలువైనది. సగటు మందలో ఒంటరిగా మెరిసే మేకను చూసి సంతోషిస్తాను గానీ, దాని కొడుకును విత్తనానికి వెంటనే ఉంచను.

ఇక పోతు లెక్క. ఒక ఆడ మేక తన జీవితంలో ఐదారు ఈతలు ఈని, ఎనిమిది, తొమ్మిది పిల్లలను కంటే, వాటిలో సగం మగవి పోగా, చావులు పోగా, మందలో నిలిచే కూతుళ్ళు మూడు. ఒక పోతు ఒక్క ఏడాదిలో పాతిక మేకలను కట్టితే నలభై పిల్లలు, అందులో ఇరవై ఆడవి. రెండేళ్ళు వాడితే నలభై కూతుళ్ళు. అంటే కర్రి వంటి మేక తన కూతుళ్ళ ద్వారా మందకు ఇవ్వగలిగినది పిడికెడైతే, ఒక కొడుకు ద్వారా ఇవ్వగలిగినది గంపెడు. ఆ పోతుకు పొదుగు లేదు, దాని పాలను తూచలేము, కాబట్టి అది ఏమి మోసుకొస్తోందో ముందుగా చెప్పగలిగేది దాని తల్లి పొదుగు ఒక్కటే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అంత తెలిసిన జనమే సంతలో పోతును కొనేటప్పుడు మాత్రం దాని మెడ మందాన్నీ, కొమ్ముల వంపునూ చూసి బేరమాడతారు. పెబ్బేరు సంతలో పోతు తల్లి గురించి అడిగితే, అమ్మేవాడు నన్ను వింతగా చూసి, "తల్లి నీకెందుకయ్యా, పోతును చూడు" అన్నాడు.

2014లో నేను పంజాబ్‌లో గురుదాస్‌పూర్ వైపు బీటల్ జాతి మేకలు పెంచే ఒక రైతు ఇంటికి స్వయంగా వెళ్ళాను. ఈసారి దళారి లేడు. వారి ఇంట్లో రెండు రోజులు ఉండి, మూడో ఈతలో ఉన్న ఒక ఎర్ర మేకను రెండు పొద్దులూ రెండు సాయంత్రాలూ నా చేత్తోనే పితికి, నేను తీసుకుపోయిన కాటాతోనే తూచాను. రోజుకు సగటున 2,400 గ్రాములు వచ్చాయి. ఆ రైతు తల్లి నా చేతి నుంచి గిన్నె తీసుకుని, నురుగు తగ్గాక మళ్ళీ తూచమని చెప్పింది. నురుగు పాలు కాదని ఆమెకు తెలుసు. ఆ మేక కొడుకు, నాలుగు నెలల పిల్ల, నాతో రైల్లో వచ్చింది. మూడు సంవత్సరాల తరువాత దాని కూతుళ్ళు మొదటి ఈతలో ఉన్నప్పుడు రాసిన సగటు రోజుకు 1,120 గ్రాములు. వాటి తల్లుల్లో ఎక్కువ నాటువే. ఎనిమిది జమునాపారి ఆడ మేకలకు పెట్టిన ధరలో అయిదో వంతు కూడా ఆ ఒక్క పిల్లకు కాలేదు. నాటు మేకల మీద మూడు తరాలు మంచి తల్లుల కొడుకులను వాడితే, మూడో తరానికి పుట్టిన పిల్లల్లో ఎనిమిదింట ఏడు వంతులు ఆ పోతుల వైపు రక్తమే ఉంటుంది. మిగిలిన ఒక వంతు మా ఎండలకూ మా మేతకూ అలవాటుపడిన రక్తం. ఆ ఒక వంతు వల్లనే మా మేకలు మే నెలను తట్టుకుంటున్నాయని నా నమ్మకం.

పాల తరువాత నేను చూసేది పొదుగు కట్టు. దీని గురించి మన దగ్గర రాసినవారు తక్కువ. పొదుగు పెద్దదిగా ఉంటే చాలనుకుంటారు. పాలు నిండినప్పుడు పొదుగు ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, పితికిన తరువాత ఎంత ముడుచుకుందన్నది ముఖ్యం. పితికాక ఖాళీ సంచిలా మెత్తగా ముడతలు పడాలి. పితికాక కూడా గట్టిగా నిండుగానే ఉంటే అందులో ఉన్నది కండ. పొదుగు అడుగు వెనకకాళ్ళ కీలు మడతకు పైనే ఉండాలి, ముందు వైపు పొట్టకు బాగా అంటుకుని ఉండాలి, వెనక నుంచి చూస్తే రెండు తొడల మధ్య వెడల్పుగా కట్టి ఉండాలి. చన్నులు రెండే ఉండాలి, మూడో చన్ను మొలిచిన పిల్లను, ఆడదైనా మగదైనా, విత్తనానికి ఉంచకూడదు. చన్నులు సీసాల్లా లావుగా ఉంటే అప్పుడే పుట్టిన పిల్ల నోటికి పట్టవు. మా ప్రాంతంలో మేకలు తుమ్మ, రేగు, కలే పొదల్లో తిరుగుతాయి. జారిన పొదుగు ముళ్ళకు చీరుకుపోతుంది, చీలిన చోట వాపు మొదలవుతుంది, వాపు వచ్చిన పొదుగు మళ్ళీ మునుపటి పాలు ఇవ్వదు. 2017లో మా మందలో అన్నిటికంటే ఎక్కువ పాలు ఇచ్చిన మేకకు పొదుగు జారి ఉండేది. పాలు చూసి దాని కొడుకును ఉంచాను. దాని మనుమరాళ్ళలో ఆరింటికి నాలుగో ఈత దాటకుండానే పొదుగు వాపు వచ్చింది. పాలు ఒక్కటే చూసి పోతును ఉంచినందుకు కట్టిన వెల అది.

మెడ కింద చన్నులు వేలాడే మేక ఎక్కువ పాలు ఇస్తుందని చాలామంది నమ్ముతారు. మేక మెడ చన్నులు దేనికీ పనికిరావని సామెతల్లో చెప్పుకునే జాతి మనది, అయినా సంతలో వాటికి ధర కడతాము. మా పుస్తకంలో ఆ నమ్మకానికి ఆధారం నాకు కనిపించలేదు. బోడి మేకల విషయం మాత్రం నిజంగా జాగ్రత్త పడవలసినది. కొమ్ములు లేని మేకలు పాక చాటున కట్టుకోవడానికి, ఇంట్లో పిల్లలు పితకడానికి సౌకర్యం. సానెన్ వంటి యూరప్ పాల జాతుల్లో పుట్టుకతోనే కొమ్ములు లేకపోవడానికి కారణమైన జన్యువు, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే, ఆడగా పుట్టవలసిన పిల్ల ఆడా మగా కాకుండా గొడ్డుగా పుడుతుంది. సంకర మేకలు ఎక్కువవుతున్న ఈ రోజుల్లో బోడి మేకను బోడి పోతుతో కట్టించకూడదన్న ఒక్క మాట ప్రతి పెంపకందారుకూ తెలిసి ఉండాలి. జతలో ఒకదానికి కొమ్ములు ఉంటే చాలు.

మేత గురించి ఎన్నో మంచి వ్యాసాలు ఉన్నాయి కాబట్టి ఎక్కువ రాయను. దశరథ గడ్డి, సుబాబుల్, అవిశె, మునగ కొమ్మలు, కంది పొట్టు, వేరుశెనగ కట్టె, పాలకు తగినట్టు కొద్దిగా దాణా, ఎప్పుడూ అందుబాటులో ఉప్పు గడ్డ ఉంటే చాలు. పిల్ల పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించకపోతే, ఎంత మంచి వంశమైనా ఆ పిల్లతోనే ఆగిపోతుంది. చిటుక రోగానికీ, పారుడు రోగానికీ టీకాలు వేయించడం, కింది కనురెప్పను తిప్పి దాని ఎరుపు చూసి, పాలిపోయిన మేకలకే నట్టల మందు పోయడం మాకు అలవాటైంది.

ఒక జబ్బు గురించి మాత్రం పూర్తిగా చెప్పాలి. 2016లో ఒక ఫారం నుంచి ఆరు చూడి మేకలను కొన్నాను. పాల లెక్కలు చూశాను, పొదుగులు చూశాను, రక్త పరీక్ష అడగలేదు, వేరుగా ఉంచకుండా వచ్చిన రోజే మందలో కలిపాను. రెండు నెలల్లో, నాలుగో నెల చూలు మీద ఉన్న మేకలు ఒకదాని తరువాత ఒకటి ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకుండానే పిల్లలను పడేశాయి. పశువైద్యుడు అనుమానించి మందంతటి రక్తం తీయించాడు. 34 మేకల్లో 9 మేకలకు బ్రూసెల్లా అనే అంటు క్రిమి ఉందని తేలింది. ఆ సరికి సాయంత్రాలు జ్వరం, కీళ్ళ నొప్పులు, రాత్రి చెమటలతో మా తమ్ముడు నెల రోజులుగా బాధపడుతున్నాడు. ఆ జబ్బు అతనికీ వచ్చింది, ఆరు వారాలు మందులు వాడాడు. ఈసుకుపోయిన మేకలను చేతులతో శుభ్రం చేసింది అతనే. మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికులను పీడించిన జ్వరానికి కారణమైన ఈ క్రిమినే 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ కనుగొన్నాడు, అది మేక పాల ద్వారా వస్తోందని 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లీస్ జమ్మిత్ తేల్చాడు. నూరేళ్ళకు పైగా తెలిసిన సంగతి మా ఇంటికి రావడానికి నా అజాగ్రత్త చాలింది.

ఆ తొమ్మిదింటిలో కర్రి కూతురు ఒకటి, బీటల్ పోతు మొదటి కూతుళ్ళలో రెండు ఉన్నాయి. వాటిని మంచి ధరకు కొంటానని ఒక వ్యాపారి వచ్చాడు. అమ్మితే అవి మరో రైతు కొట్టంలో, మరొకరి తమ్ముడి చేతుల్లోకి పోతాయి. తొమ్మిదింటినీ వైద్యుడి సమక్షంలో చంపించి, లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాము. నా భార్య ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. అప్పటి నుంచి ఏటా మందంతటికీ పరీక్ష చేయిస్తున్నాము. కొత్త జీవం ఏది వచ్చినా రెండు పరీక్షల్లో శుభ్రంగా తేలే వరకు దూరంగా ఉన్న పాకలోనే ఉంటుంది, ఎవరికి అమ్మినా పాలు కాచే తాగమని చెబుతాము. జబ్బు లేకపోవడం కూడా మంద నాణ్యతలో భాగమేనని, నిజానికి అదే మొదటి భాగమని నేను అప్పుడు నేర్చుకున్నాను.

ఏరివేత గురించి అడిగితే చాలామంది మొహం తిప్పుకుంటారు. మేక ఇంటి మనిషిలా అవుతుంది, పేరు పెడతాము, పిల్లలు దానితో ఆడుకుంటారు. నాకూ అంతే. అయినా ప్రతి సంవత్సరం మందలో కింది అయిదో వంతును తీసివేయకపోతే పై అయిదో వంతు పిల్లలకు చోటు ఉండదు. ఎండాకాలంలో ఉన్న మేత అందరికీ సమానంగా పంచితే మంచి మేక కూడా చెడ్డ మేకగా మారుతుంది. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: నేను పాలకు వద్దనుకున్న మేకను పాల మేక అని చెప్పి ఎవరికీ అమ్మను. మాంసానికి పోయేది మాంసం ధరకు పోతుంది. పాలకు అమ్మే ప్రతి ఆడ పిల్లతో పాటు దాని తల్లి పేజీ నకలు ఇస్తాను. మొదట్లో ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ కాగితం లేకపోతే కొనబోమనేవారు వస్తున్నారు, వారితో రెండేళ్ళు ముందుగానే పిల్లలకు బేరం కుదిరిపోతోంది.

మేక పాలు ఎవరు తాగుతారన్న ప్రశ్న సరైనదే. 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్ల మేకలు ఉన్నా, దేశంలోని మొత్తం పాలలో మేక పాల వాటా మూడు శాతం దగ్గరే ఉంది. పాలు వాసన వస్తాయన్న ఫిర్యాదుకు చాలావరకు కారణం మనమే. పోతును పాడి మేకల మధ్య కట్టి, పితికిన పాలను మూత లేకుండా కొట్టంలోనే ఉంచితే వాసన రాక మానదు. పోతును దూరంగా కట్టి, పితికిన వెంటనే వడగట్టి చల్లబరిస్తే, మా దగ్గర పాలు తీసుకునే ఇళ్ళలో పిల్లలు తేడా గుర్తుపట్టడం లేదు. డెంగీ జ్వరాల కాలంలో మేక పాలు రక్తకణాలను పెంచుతాయన్న ప్రచారంతో ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. దానికి వైద్యపరమైన రుజువు లేదు, ఆ పేరుతో నేను పాలు అమ్మను. ఆవు పాలు పడని పసిపిల్లలకు వైద్యుడిని అడగకుండా మేక పాలు పట్టడం కూడా మంచిది కాదు, రెంటిలోని ప్రోటీన్లు చాలావరకు ఒకే తీరువి. వదంతి మీద పెరిగిన గిరాకీ వానలతో వచ్చి చలితో పోతుంది, దానిని నమ్ముకుని పదేళ్ళ మందను కట్టలేము.

ప్రభుత్వ పథకాల గురించి ఒక మాట. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒకరికి ఇచ్చే యూనిట్‌లో 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు ఉండేవి. జాతీయ పశుధన మిషన్ కింద రాయితీ ఇచ్చే మేకల పెద్ద యూనిట్‌లో 500 ఆడ మేకలు, 25 పోతులు. రెండు చోట్లా లెక్క ఇరవైకి ఒకటి. ఆ ఇరవై కంటే ఆ ఒకటి ఎక్కువ బరువైనదని ఇప్పటివరకు రాసిన లెక్క చెబుతోంది. మధుర దగ్గర మఖ్దూంలో 1979లో ఏర్పడిన కేంద్ర మేకల పరిశోధన సంస్థ జమునాపారి, బార్బరీ మందలను తరాల తరబడి తూచి రాస్తూ వస్తోంది. అంటే చేయలేని పనేమీ కాదు. అయిదు వందల మేకలను ఒక్కసారిగా కొనే మనిషికి ఇచ్చే సొమ్ములో కొంత, పది మేకలు ఉన్న యాభై ఇళ్ళకు కాటాలుగా, పుస్తకాలుగా, నెలకొకసారి వచ్చి తూచి పోయే ఒక మనిషి జీతంగా ఇస్తే, అయిదేళ్ళలో ఆ మండలానికి సొంత విత్తన పోతులు తయారవుతాయని నేను నమ్ముతున్నాను. గొల్ల కురుమల ఇళ్ళలో తరతరాల జ్ఞాపకం ఉంది. దానికి తోడుగా కావలసింది తూకం.

ఆ పని చిన్నగా మేము మొదలుపెట్టాము. ఒక్క మందతో ఎక్కువ దూరం పోలేము. మంచి పోతును రెండేళ్ళకు మించి ఉంచితే దాని కూతుళ్ళే దాని ముందు ఎదకు వస్తాయి. తండ్రిని కూతురితో కట్టిస్తే పుట్టే పిల్లలు బలహీనంగా ఉండటం, చూలు నిలవకపోవడం నేను ఒకసారి చూశాను, మళ్ళీ చూడదలచుకోలేదు. 2019 నుంచి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో మేకలున్న నాలుగు కుటుంబాలం ఒకే తేదీన తూస్తున్నాము, ఒకే తీరు పేజీలు రాస్తున్నాము, బ్రూసెల్లా పరీక్షలు కలిసి చేయిస్తున్నాము, పోతులను రెండేళ్ళకొకసారి ఒకరి దొడ్డి నుంచి మరొకరి దొడ్డికి మారుస్తున్నాము. నాలుగు మందలూ కలిపి ఇప్పుడు 130 పాడి మేకలు ఉన్నాయి. మా మందలో తొలి ఈత మేకల సగటు 1,400 గ్రాములు దాటింది.

ఈ కార్తీకంలో పుట్టిన మగ పిల్లల్లో మూడింటిని పక్కకు పెట్టాను. ఒకదాని తల్లి రోజుకు 2,150 గ్రాములు ఇచ్చింది గానీ పొదుగు ముందు వైపు వదులుగా ఉంది, ఆ పిల్ల పోయిన వారమే వెళ్ళిపోయింది. రెండో దాని తల్లి, అమ్మమ్మ ఇద్దరూ బాగానే ఉన్నా, తండ్రి వైపు మా పాత పోతుతో దగ్గర బంధుత్వం ఉంది, దానిని పక్క ఊరి మందకు ఇస్తాను. మూడోది కర్రికి ముని మునిమనుమడు, నల్లనిది. వచ్చే చలికాలానికి కట్టడానికి సిద్ధమవుతుంది, దాని కూతుళ్ళు ఆ తరువాతి వేసవిలో పుడతాయి, అవి పెరిగి ఈని పాలకు రావడానికి ఇంకో ఏడాదిన్నర పడుతుంది. ఈ పోతు మంచిదో కాదో నాకు మూడేళ్ళ తరువాత ఒక 14వ తేదీ ఉదయం తెలుస్తుంది. దాని పేజీకి శీర్షిక రాసి, మిగిలినదంతా ఖాళీగా వదిలిపెట్టాను.